పెద్ద పదవికి మనిషిని వెతకడం ఎలా: ఎగ్జిక్యూటివ్ సెర్చ్‌లో మీ మొదటి మ్యాండేట్

మీరు వెతకబోయే మనిషి ఉద్యోగం కోసం వెతకడం లేదు. ఆయనకు మంచి జీతం ఉంది, పేరు ఉంది, పిల్లల బడికి దగ్గర్లో ఇల్లుంది. ఆయన రెజ్యూమే ఏ పోర్టల్‌లోనూ దొరకదు, దాన్ని చివరిసారి దిద్ది పదేళ్లయి ఉంటుంది. అలాంటి మనిషిని కనుక్కుని, మాట కలిపి, తూచి, మరో కంపెనీలో కుదురుకునేదాకా వెంట ఉండటమే ఎగ్జిక్యూటివ్ సెర్చ్ కన్సల్టెంట్ పని. నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఎక్కువగా ఫార్మా కంపెనీలకు. కొత్తగా చేరినవాళ్ల చేతికి మొదటి మ్యాండేట్, అంటే ఒక పదవికి మనిషిని వెతికిపెట్టే బాధ్యత, ఇచ్చేటప్పుడు చెప్పే మాటలను ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఒక మాత్రల ఫ్యాక్టరీకి ప్లాంట్ హెడ్‌ను వెతికిన సందర్భాన్ని ఉదాహరణగా తీసుకుంటాను.

ఫీజు ఎలా వస్తుందో ముందు తెలుసుకోండి

మామూలు నియామక ఏజెన్సీకి మనిషి చేరితేనే డబ్బు. మన దేశంలో దానికి ఒక నెల జీతం, అంటే ఏడాది జీతంలో 8.33 శాతం అనే లెక్క బాగా అలవాటైనది. ఒకే ఉద్యోగానికి నాలుగైదు ఏజెన్సీలు పోటీపడతాయి, కాబట్టి ఎవరు ముందు రెజ్యూమే పంపితే వారిదే పైచేయి. రిటైన్డ్ సెర్చ్ దీనికి భిన్నం. ఒక పదవికి ఒకే సంస్థ పనిచేస్తుంది. ఫీజు సాధారణంగా మొదటి ఏడాది నగదు జీతంలో మూడో వంతు దాకా ఉంటుంది, మూడు వాయిదాల్లో వస్తుంది: పని మొదలుపెట్టేటప్పుడు, షార్ట్ లిస్ట్ ఇచ్చినప్పుడు, ఎంపికైనవారు ఆఫర్ ఒప్పుకున్నప్పుడు. దానిపైన 18 శాతం జీఎస్టీ.

ఈ వృత్తి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో స్థిరపడింది. హైడ్రిక్ అండ్ స్ట్రగుల్స్ 1953లో, స్పెన్సర్ స్టువర్ట్ 1956లో, రెండూ షికాగోలోనే మొదలయ్యాయి. 1964లో జ్యూరిక్‌లో సొంత సంస్థ పెట్టిన ఎగాన్ జెండర్ మాత్రం శాతం పద్ధతిని కాదని ముందే ఖాయం చేసుకున్న ఫీజు తీసుకునేవారు. జీతంతో పాటు ఫీజూ పెరిగేటట్లయితే కన్సల్టెంట్ ఎవరి తరఫున బేరమాడుతున్నాడని క్లయింటుకు అనుమానం రాక తప్పదు. మీ సంస్థ శాతమే తీసుకుంటున్నా, జీతం మాట వచ్చిన ప్రతిసారీ ఆ అనుమానం ఎదుటివారి మనసులో ఉంటుందని గుర్తుంచుకోండి. లెక్కలన్నీ కాగితం మీద పెట్టి చూపించండి.

మ్యాండేట్ ఒప్పుకునే ముందు

మొదట ఆఫ్ లిమిట్స్ చూసుకోండి. మీ సంస్థ ఏ కంపెనీకి పనిచేస్తోందో ఆ కంపెనీలోంచి మనుషులను తీయకూడదు. ఒప్పందం ముగిశాక కూడా ఏడాదో రెండేళ్లో ఈ కట్టుబాటు కొనసాగుతుంది. హైదరాబాద్ ఫార్మా పెద్ద రంగమే అయినా పెద్ద కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. వాటిలో నాలుగు మీ చేతుల్లో ఉంటే, ఐదో కంపెనీకి మీరు వెతకగల చోటు ఎంత మిగిలింది? ఎక్కడెక్కడి నుంచి మనుషులను తేలేరో సంతకానికి ముందే చెప్పండి. తర్వాత తెలిస్తే అది దాచినట్లే అవుతుంది.

ఆఖరి మాట ఎవరిదో అడగండి. మన దగ్గర చాలా కంపెనీలు కుటుంబాల చేతుల్లో ఉన్నాయి. ఛైర్మన్ గారితో అన్నీ మాట్లాడుకుని మూడు నెలలు శ్రమపడ్డాక, విదేశం నుంచి వచ్చిన కుమార్తె ‘నన్నెవరూ అడగలేదే’ అంటే పని మళ్లీ మొదటికి వస్తుంది. నిర్ణయంలో పాలుపంచుకునే ప్రతి ఒక్కరినీ మొదటి వారంలోనే కలవండి.

ఆ కుర్చీలో ఇప్పుడు ఎవరైనా ఉన్నారా, ఈ వెతుకులాట సంగతి వారికి తెలుసా అన్నది మూడో ప్రశ్న. తెలియకపోతే ఎవరికి ఫోను చేయాలి, ఏం చెప్పాలి అన్నదంతా మారిపోతుంది. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీకి సీఈఓనో సీఎఫ్ఓనో వెతుకుతుంటే గడువు కూడా లెక్క వేసుకోండి. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ నిబంధనల ప్రకారం ఆ ఖాళీని మామూలుగా మూడు నెలల్లో నింపాలి. పై స్థాయిలో నోటీసు వ్యవధే తొంభై రోజులు ఉంటుంది కాబట్టి వ్యవధి ఎంత ఇరుకో మొదటి రోజే క్లయింటుతో మాట్లాడాలి.

ప్లాంటుకు వెళ్లండి

ఈ పనిలో నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టుబట్టేది దీని గురించే. హెచ్ఆర్ పంపిన ఉద్యోగ వివరణ చదివి వెతకడం మొదలుపెట్టకండి. ఆ కాగితం చాలాసార్లు పాతది, లేదా ఎవరికీ నొప్పి కలగకుండా రాసింది.

నేను చెప్పిన మాత్రల ఫ్యాక్టరీ నగరానికి గంటన్నర దూరం. బంజారాహిల్స్ ఆఫీసులో ఛైర్మన్ గారు ఒక్కటే మాట అన్నారు: ‘అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీ దాటించే మనిషి కావాలి.’ అమెరికాకు మందులు పంపే ఫ్యాక్టరీలను తనిఖీ చేసే అక్కడి ప్రభుత్వ సంస్థ అది. అంతకుముందు మూడేళ్లలో ఇద్దరు ప్లాంట్ హెడ్లు వెళ్లిపోయారు. ‘ఇద్దరూ ఒత్తిడికి ఆగలేకపోయారు’ అన్నారు. మర్నాడు నేను ప్లాంటుకు వెళ్లి రోజంతా ఉన్నాను. క్వాలిటీ హెడ్‌తో, ప్రొడక్షన్ మేనేజర్‌తో, ఇంజనీరింగ్ విభాగం పెద్దతో, ఇద్దరు షిఫ్ట్ ఇన్‌ఛార్జులతో విడివిడిగా కూర్చున్నాను. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ క్యాంటీన్‌లో టీ తాగుతూ ఒక ఇన్‌ఛార్జు చెప్పాడు: ‘బ్యాచ్ ఆపాలంటే ఇక్కడ ఎవరికీ అధికారం లేదండీ. హెడ్ ఆఫీసుకు ఫోను చేయాలి. వాళ్లు పంపేయమంటారు.’

వెతకాల్సిన మనిషి ఎలాంటివాడో నాకు అప్పుడు తెలిసింది. వెళ్లిపోయిన ఇద్దరికీ పని చేతకాక కాదు. అనుమానం ఉన్న బ్యాచ్‌ను నిలిపే అధికారం లేని కుర్చీలో పేరున్న ఏ ప్లాంట్ హెడ్డూ నిలవలేడు. నేను మళ్లీ ఛైర్మన్ గారి దగ్గరకు వెళ్లి, ‘కొత్తగా వచ్చే మనిషి మిమ్మల్ని అడగకుండా డిస్పాచ్ ఆపవచ్చా?’ అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘రాయండి, ఆ అధికారం ఉంటుందని రాయండి’ అన్నారు. ఆ ఒక్క వాక్యం లేకపోతే మేము తెచ్చే మూడో మనిషి కూడా వెళ్లిపోయేవాడు.

కాబట్టి ప్లాంటులోనో ఆఫీసులోనో ఈ ప్రశ్నలు వేయండి. ఇంతకుముందున్నవారు ఎందుకు వెళ్లారు? ఏడాది తర్వాత ఏం మారితే ఈ నియామకం మంచిదైందని అంటారు? ఎలాంటి మనిషి ఇక్కడ ఇమడలేడు? ఈ పదవికి ఏ అధికారం ఉంది, ఏది లేదు? జవాబులు ఒకరికొకరివి పొసగని చోట ఆగి ఇంకా అడగండి. తర్వాత మూడు నాలుగు పేజీల్లో పదవి వివరం రాసి క్లయింటు చేత ఒప్పించుకోండి. తప్పనిసరి అర్హతలు ఐదుకు మించనివ్వకండి. పద్నాలుగు రాసుకున్న క్లయింటుతో కూర్చుని తొమ్మిది కొట్టేయించడం కూడా మీ పనే.

కంపెనీల జాబితా ముందు, మనుషుల జాబితా తర్వాత

పేర్ల కోసం వెంటనే లింక్డ్‌ఇన్ తెరవకండి. ఇలాంటి పని ఎక్కడెక్కడ బాగా జరుగుతోందో ముందు రాసుకోండి. మాత్రల తయారీ అయితే హైదరాబాద్ చుట్టుపక్కల, జడ్చర్ల, విశాఖ వైపు పరవాడ, అచ్యుతాపురం, ఆ తర్వాత అహ్మదాబాద్, ఇండోర్ దగ్గరి పీథంపూర్, గోవా, హిమాచల్‌లోని బద్ది. అహ్మదాబాద్‌లోనూ న్యూజెర్సీలోనూ మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఫార్మాలో ఉన్నారు. వాళ్లలో తల్లిదండ్రుల వయసు చూసి ఇంటివైపు రావాలనుకునేవాళ్లు ఉంటారు. మీ దగ్గరున్న పదవి వాళ్లకు ఎదురుచూస్తున్న కబురు కావచ్చు.

బహిరంగంగా దొరికే సమాచారం ఎంత ఉందో కొత్తవాళ్లకు తెలియదు. ఏ ప్లాంటును ఎప్పుడు తనిఖీ చేశారో, ఫలితాన్ని ఏ వర్గంలో వేశారో అమెరికా ఎఫ్‌డీఏ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. చర్య అక్కరలేదు, కంపెనీయే సరిచేసుకోవాలి, అధికారిక చర్య అవసరం అని మూడు వర్గాలు. వార్నింగ్ లెటర్లు కూడా అక్కడే చదువుకోవచ్చు. నమోదైన కంపెనీల్లో పై స్థాయివారు రాజీనామా చేస్తే ఆ సంగతి స్టాక్ ఎక్స్ఛేంజీకి తెలపాలి. 2023 సవరణల తర్వాత కారణాలతో సహా రాజీనామా లేఖను కూడా ఇవ్వాలి. ఇవన్నీ ఓపికగా చదివే రీసెర్చర్ మీ పక్కనుంటే సగం పని అయినట్లే. ఆ రీసెర్చర్ పేరు క్లయింటు ముందు చెప్పండి. వాళ్ల శ్రమ చాలాసార్లు కన్సల్టెంట్ నీడలో మరుగునపడుతుంది.

ఆ తర్వాత రంగంలో తలపండినవాళ్లకు ఫోను చేసి, ‘ఈ పని మీరు చూసినవాళ్లలో ఎవరు బాగా చేశారు?’ అని అడగండి. పదవీ విరమణ చేసిన క్వాలిటీ అధికారులు, యంత్రాలు సరఫరా చేసేవాళ్లు, తనిఖీలకు సిద్ధం చేసే సలహాదారులు మంచి పేర్లు చెబుతారు. ఒకే పేరు ముగ్గురి నోట వస్తే ఆ పేరు కింద గీత గీయండి. నా లెక్కలో ఎనభై పేర్ల లాంగ్ లిస్ట్ నుంచి పాతిక మందితో మాట్లాడతాం, పదిమందిని కలుస్తాం, నలుగురైదుగురిని క్లయింటు ముందు పెడతాం.

మొదటి ఫోను

ఆఫీసు నంబరుకు ఎప్పుడూ చేయకండి. ముందు చిన్న సందేశం పంపి, వీలైన వేళ అడగండి. చాలామంది సాయంత్రం కారులో ఇంటికి వెళ్తూ మాట్లాడతామంటారు. ఆ కారులో డ్రైవరు ఉంటాడని, అతను కంపెనీ మనిషని మరిచిపోకండి. ‘పక్కన ఎవరైనా ఉన్నారాండీ?’ అని అడగండి. ఉన్నారంటే మీరే మాట్లాడండి, ఆయన అవును, కాదు అని చెబితే సరిపోయేలా ప్రశ్నలు వేయండి. ఈ జాగ్రత్త చూసినవాళ్లు మీతో మనసు విప్పడానికి సిద్ధపడతారు.

నేను సుమారుగా ఇలా మొదలుపెడతాను: ‘నమస్కారమండీ. మాత్రలు తయారుచేసే ఒక ఫార్ములేషన్ కంపెనీ ప్లాంట్ హెడ్ పదవికి మమ్మల్ని వెతకమంది. మీ పేరు ఇద్దరు ముగ్గురు గౌరవంగా చెప్పారు. కంపెనీ పేరు ఇప్పుడే చెప్పలేను. పని ఏమిటో, అందులో కష్టం ఏమిటో చెబుతాను. విన్నాక మీకు వద్దనిపిస్తే ఇంకోసారి ఇబ్బంది పెట్టను.’ కష్టం ముందే చెప్పడం వల్ల కొందరు తప్పుకుంటారు. మిగిలినవాళ్లు ఆ కష్టాన్ని చూసే వస్తారు.

మొదటి ఫోనులో జీతం అడగకండి. లేని పదవి ఉన్నట్లు చెప్పి సమాచారం రాబట్టకండి. ఇంకో మాట మన ప్రాంతానికి ప్రత్యేకం. ‘మీది ఏ ఊరండీ, ఇంటిపేరేమిటి?’ అని మనం మాటల్లో మాటగా అడుగుతాం. ఉద్యోగం మాటల్లో అది కులం ఆరా తీసినట్లే వినిపిస్తుంది, చాలాసార్లు నిజంగా అదే అవుతుంది కూడా. అడగకండి. క్లయింటు వైపు నుంచి ఎవరైనా ‘మనవాడేనా?’ అంటే, అది మేము చూడమని నిదానంగా, స్పష్టంగా చెప్పండి. ఆడవాళ్లను పెళ్లి గురించీ పిల్లల గురించీ అడగడం కూడా ఇంతే తప్పు. ఊరు మారడం వీలవుతుందా అన్న ప్రశ్న ఆడవాళ్లనూ మగవాళ్లనూ ఒకేలా అడగండి, చాలు.

ముఖాముఖి

హైటెక్ సిటీ హోటల్ లాబీలో కలవకండి. ఫార్మావాళ్లకు అక్కడ కనీసం ఒకరైనా తెలిసినవారు ఎదురవుతారు. మీ ఆఫీసులో, ఆదివారం ఉదయం, రెండు గంటలు పెట్టుకోండి. ఇద్దరు క్యాండిడేట్లు ఒకరికొకరు మెట్ల మీద ఎదురుపడకుండా మధ్యలో గంట ఎడం ఉంచండి.

ఉద్యోగాల చరిత్ర వరసగా చెప్పించుకోవడం కన్నా ఒకే సంఘటనను లోతుగా అడగడం మేలు. తనిఖీ ముగిశాక ఎఫ్‌డీఏ వాళ్లు లోపాలు రాసి చేతికిచ్చే కాగితం ఫారం 483. దానికి 15 పనిదినాల్లో జవాబు పంపడం ఆనవాయితీ. ప్లాంట్ హెడ్‌గా పనిచేసిన ఎవరికైనా అలాంటి పదిహేను రోజులు ఒకసారైనా ఎదురై ఉంటాయి. ‘ఆ కాగితం అందిన సాయంత్రం మీరు ఏం చేశారు? ఎవరిని పిలిచారు? మొదటి ఫోను ఎవరికి?’ అని అడగండి. వినేటప్పుడు ఒక్క మాట గమనించండి. మనవాళ్లు మర్యాద కోసం ‘మేము చేశాం’ అంటారు, అది మంచి అలవాటే. కానీ ఆ ‘మేము’లో ఆయన పాలు ఎంతో తెలియాలి. ‘అందులో మీరు స్వయంగా నిర్ణయించింది ఏది?’ అని అడిగితే పనిచేసినవారికి వివరాలు పొంగుకొస్తాయి. యంత్రం నంబరు గుర్తుంటుంది, రాత్రి ఎన్నింటికి ఎవరు వచ్చారో గుర్తుంటుంది. మిగిలినవారు మళ్లీ ‘మేము’లోకే వెళ్లిపోతారు.

ఆ తర్వాత ఆయన చెప్పిన తేదీలను బహిరంగ సమాచారంతో పోల్చుకోండి. తనిఖీలో లోపాలు బయటపడటం తప్పు కాదు. వాటిని దాచి చెబితే తప్పు.

రిపోర్టు

ఒక్కొక్కరి మీద రెండు పేజీలు చాలు. బలాలతో పాటు మీకు కలిగిన సందేహాలు కూడా రాయండి. క్యాండిడేట్ సమ్మతి లేకుండా రెజ్యూమే బయటికి పంపకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా సమ్మతికే ప్రాధాన్యం ఇచ్చింది. వాట్సాప్ గ్రూపులో మాత్రం అసలు వేయకండి. ఛైర్మన్ గారి ఫోను నుంచి ఆ ఫైలు ఆయన బంధువుకు, అక్కడి నుంచి క్యాండిడేట్ పనిచేస్తున్న కంపెనీకి చేరడానికి ఒక పూట పట్టదు. అప్పుడు ఒక కుటుంబం జీవనాధారం ప్రమాదంలో పడుతుంది.

రిఫరెన్సులు

ఇక్కడ నేనొక తప్పు చేశాను, చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక ఆపరేషన్స్ హెడ్ గురించి ఆయన పాత పై అధికారులు ముగ్గురితో మాట్లాడాను. ముగ్గురూ ఎంతో మెచ్చుకున్నారు. కింద పనిచేసినవాళ్లతో మాట్లాడలేదు, తొందరలో వదిలేశాను. చేరిన ఐదు నెలల్లో ఆయన కింద నుంచి ఆరుగురు మేనేజర్లు రాజీనామా చేశారు, ఆ తర్వాత ఆయన కూడా వెళ్లారు. మా ఒప్పందంలో ఏడాది హామీ ఉంది కాబట్టి ఫీజు లేకుండా మళ్లీ వెతికాం. ఆ ఆరుగురికి మాత్రం ఎవరూ ఏమీ తిరిగి ఇవ్వలేకపోయారు.

అప్పటి నుంచి ఆరు ఫోన్లు నియమంగా పెట్టుకున్నాను: పైవారు ఇద్దరు, సాటివారు ఇద్దరు, కింద పనిచేసినవారు ఇద్దరు. క్యాండిడేట్ ఇచ్చిన పేర్లతో ఆగకండి, కానీ ప్రస్తుతం పనిచేస్తున్న కంపెనీలో ఎవరినీ తాకకండి. అడిగే ప్రశ్న సూటిగా ఉండాలి: ‘ఆయనతో మళ్లీ పనిచేస్తారా?’ అవునంటే, ‘ఆయన కిందా, ఆయన పైనా?’ అని అడగండి. జవాబుకు ముందు వచ్చే మౌనాన్ని కూడా నోట్సులో రాసుకోండి.

ఆఫర్, ఆ తర్వాతి తొంభై రోజులు

ఫారం 16 చూసి జీతం నిర్ధారించుకోండి. స్థిర జీతం, బోనస్, ఇంకా చేతికి రాని షేర్లు, ముందే వెళ్తే తిరిగి కట్టాల్సిన రిటెన్షన్ బోనస్ ఇవన్నీ విడివిడిగా రాయండి. మార్చి ముగిశాక వచ్చే బోనస్ కోసం ఆగుతామంటే అది న్యాయమైన కోరిక, క్లయింటుకు అలాగే చెప్పండి.

రాజీనామా ఇవ్వకముందే కౌంటర్ ఆఫర్ గురించి మాట్లాడండి. ‘మీ ఎండీ గారు పిలిచి, ఇరవై శాతం పెంచుతాను, ఉండిపోండి అంటే ఏమంటారు?’ అని అడిగి, ఆయన జవాబు పూర్తిగా వినండి. ఉండిపోవాలనే ఆశ గొంతులో వినిపిస్తే ఆరోజే క్లయింటుకు చెప్పి, రెండో వ్యక్తితో మాటలు తెగకుండా చూసుకోండి.

ఇంటి సంగతులు అడగడానికి ఇదే సమయం, అదీ క్యాండిడేట్ తనంతట తాను మాట తీసినప్పుడు. ప్లాంట్ హెడ్‌గా ఎంపికైన ఆయన అహ్మదాబాద్ నుంచి రావాలి. అమ్మాయి పన్నెండో తరగతి. పరీక్షలయ్యే దాకా కుటుంబం అక్కడే, వారాంతాల్లో విమాన టికెట్లు కంపెనీవే అని ఆఫర్ లేఖలో ఒక వాక్యం రాయించాం. ఆ వాక్యం కోసం నేను హెచ్ఆర్‌తో మూడుసార్లు మాట్లాడాను. చేరే తేదీకి ముందు పంచాంగం చూసేవాళ్లు ఎందరో ఉన్నారు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తుంటే తేదీ ముందే మాట్లాడుకోండి, ఆఖరి వారంలో కంగారు ఉండదు.

నోటీసు నడిచే తొంభై రోజుల్లో వారానికోసారి పలకరించండి. కొత్త బాసుతో, కాబోయే జట్టుతో మధ్యలో ఒక భోజనానికి కలపండి. చేరాక ముప్పయ్యో రోజున, తొంభయ్యో రోజున ఆయనతోనూ బాసుతోనూ విడివిడిగా మాట్లాడండి. మా ప్లాంట్ హెడ్‌కు తొంభయ్యో రోజున నేను అడిగింది ఒక్కటే: ‘ఇప్పటిదాకా ఏ బ్యాచ్ అయినా ఆపారా?’ రెండు ఆపానన్నారు. హెడ్ ఆఫీసు నుంచి ఒకే ఫోను వచ్చిందట, కారణం అడిగి పెట్టేశారట.

ఎంపిక కానివాళ్లు

నలుగురిలో ముగ్గురికి ఆ పదవి రాదు. వాళ్లు మీకోసం ఆదివారాలు ఇచ్చారు, ఇంట్లో మాట్లాడుకున్నారు, కొందరు అద్దె ఇళ్లు కూడా చూసుకుని ఉంటారు. నిర్ణయం తెలిసిన రోజునే మీరే ఫోను చేయండి, సందేశంతో సరిపెట్టకండి. కారణం నిజంగా చెప్పండి: ‘మీకు ఇంజెక్షన్ల తయారీలో అనుభవం ఎక్కువ, వాళ్లు మాత్రల్లో ఎక్కువ ఉన్నవారిని తీసుకున్నారు’ అన్నట్లుగా. ఎదుటివారు బాధపడితే వినండి, తొందరగా ఫోను పెట్టేయకండి. వాళ్ల రెజ్యూమే క్లయింటు దగ్గర ఉండిపోకుండా తీసివేయించి, ఆ సంగతి కూడా వాళ్లకు చెప్పండి. ఆ తర్వాతే చివరి వాయిదా బిల్లు మీద సంతకం పెట్టండి.